పీకలవాగు మూడు

సుభానీ తాడు పట్టుకుంటాడు,
నేను సీసా మూత తీస్తాను.
కల్వర్టు అంచున ఇద్దరం మాట్లాడుకోం.
నోరు తెరిస్తే వాసన నాలుక మీద కూర్చుంటుంది.

ఈ గుంటూరు పీకల దాకా తిన్నదీ తాగిందీ
కడిగిందీ కక్కిందీ
అంతా ఈ పీకలవాగుకే.
పెద్దాసుపత్రి వెనక కాలవ
ఇందులో ఎక్కడ కలుస్తుందో సుభానీకే తెలుసు.
"అదిగో మేడం, నురగ కాస్త పసుపు తిరుగుతుందే, అక్కడ."
పంపుహౌసులో పందొమ్మిదేళ్లు.
నీళ్ల రంగు చూసి ఏ వీధిలో పెళ్లో చెప్పేస్తాడు.

షేరాటోలో క్యాను నా కాళ్ల మధ్య.
"గోంగూర పచ్చడా అమ్మా?"
"ఇంకా ఊరాలి," అన్నాను.

ల్యాబులో రాత్రంతా అది తేరుకుంటుంది.
మడ్డి అడుక్కి, నీళ్లు పైకి.
తిప్పుడు యంత్రంలో పావుగంట,
తర్వాత వడపోత:
బాక్టీరియా దూరలేని సందులోంచి
దూరిపోయేదే నాకు కావాలి.
గింజలు పారబోసి తవుడు దాచుకున్నట్టు.

ఎర, పదిహేడో మంచం.
మిర్చియార్డు హమాలీ పోలేరయ్య,
నలభై కేజీల టిక్కీలు మోసిన ఒళ్లు,
షుగరు, కుడి పాదానికి పుండు,
ఎనిమిది మందులకు లొంగని క్లెబ్సియెల్లా.
దూదిపుల్లకంటిన చీములోంచి
దాన్ని నేనే పెంచాను,
ఉగ్గు పట్టినంత శ్రద్ధగా.

పళ్లెంలో పల్చటి జెల్లీ పోస్తున్నప్పుడల్లా
అట్టు తిప్పే మా అమ్మ మణికట్టు గుర్తొస్తుంది.
ఆలస్యమైతే గడ్డ, తొందరపడితే బుడగ.
ముప్పై ఏడు డిగ్రీల పెట్టెలో,
అంటే మన ఒంట్లో ఎంతో అంత వేడిలో, తెల్లార్లూ.

తొమ్మిది పళ్లేలు మబ్బు పట్టి వచ్చాయి.
పదో దాంట్లో
అట్టుకి పడ్డట్టు చిల్లులు,
ఒక్కో చిల్లు చుట్టూ మసక వలయం.

లైటుకెత్తి చూస్తుంటే
ఊడుస్తున్న అచ్చమాంబ ఆగింది.
"పాడైపోయిందా తల్లీ?"
"లేదు, పండింది."

ఆ తర్వాతదంతా గుమాస్తా పని.
చిల్లుని పొడిచి, పెంచి, మళ్లీ పొడిచి,
మూడు తరాలు.
ఇరవై రెండు నిమిషాలకి పగిలి
ఎనభై పిల్లల్ని వదులుతుందని లెక్క.
అరవై డిగ్రీలు ఓర్చుకుంది, డెబ్భైకి చచ్చింది.
చచ్చింది అనొచ్చా,
బతికే ఉందని ఇంకా తేలని దాన్ని?
ముప్పై ఒక్క రకాలు వడ్డిస్తే
నాలుగే ముట్టుకుంది, పథ్యం మనిషిలా.

హైదరాబాదు నుంచి ఫొటో వచ్చింది:
పలకలు తేలిన తల,
కింద మిరప తొడిమలాంటి పొట్టి తోక.
రిజిస్టరులో పీకలవాగు మూడు అని రాశాను.
ఒకటీ రెండూ కరెంటు పోయిన రాత్రి పోయాయి.

సుభానీ ఫోను దగ్గరగా పెట్టుకుని చూశాడు.
"ఇది మన నీళ్లలోదేనా?"
మన, అన్నాడు.

చెబుదామని వార్డుకెళ్లాను.
ఏం చెప్పాలో తెలియదు.
మనిషికిచ్చే అనుమతి నా దగ్గర లేదు,
మా సారు దగ్గరా లేదు,
ఫైలు దగ్గుకుంటూ ఏదో మెట్టు మీద ఉంది.
పదిహేడో మంచంలో వేరే ఎవరో.
పోలేరయ్య పాదం మంగళవారమే తీసేశారట,
శనివారం ఇంటికి.

పాదం కాలిపోయింది.
పుండులోని క్రిమి మాత్రం
నా ఫ్రీజరులో, సున్నాకి ఎనభై డిగ్రీల కింద,
అతని మంచం నంబరు తగిలించుకుని ఉంది.
పక్క అరలో దాన్ని చంపేది.
రెంటికీ మధ్య ఒక ప్లాస్టిక్ డబ్బా గోడ.

నిన్న ఆ పళ్లేన్నే మళ్లీ తీశాను.
తేటపడ్డ చోట, నట్టనడుమ,
ఆవగింజంత తెల్లటి చుక్క.
లొంగనిది ఒకటి మిగిలి
పెరుగుతోంది.

సుభానీకి ఫోను చేశాను.
"రాత్రి వాన పడింది మేడం, నీళ్లు పల్చబడ్డాయి.
రెండ్రోజులాగి రండి,
చిక్కబడతాయి."